పదకొండింటికి లేచే కంప్యూటర్

జూలై 2, బుధవారం

ఈ నోటు పుస్తకం మా ఆయన తను పనిచేసే రొయ్యల హేచరీ నుంచి తెచ్చినాడు. ముందు నాలుగు పేజీల్లో రొయ్యపిల్లల తొట్లలో నీళ్ళు ఎంత ఉప్పగా ఉన్నాయో, ఎంత వేడిగా ఉన్నాయో రాసుంది. మిగతా అంతా ఖాళీ. పారేస్తుంటే నేనడిగినా. ఎందుకన్నాడు. ముగ్గులు వేసి చూసుకుంటానన్నా.

ఈ రోజు కూడా కంప్యూటర్ సరిగ్గా పదకొండింటికి లేచింది. ఎవరూ తాకలేదు. ముందు చిన్న లైటు వెలిగింది, తర్వాత లోపల ఫ్యాను తిరిగింది, తర్వాత తెర తెల్లబడింది. నెల నుంచి చూస్తున్నా, ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. వైరస్ ఏమన్నా దూరిందా అని ఒక్కొక్క ఫైలూ తీసి చూసుకుంటుందంట. దాన్ని స్కాన్ అంటారు. మిగతా పొద్దంతా నిద్రలో ఉంటుంది. నిద్రలో ఉన్నప్పుడు ఆ బల్ల తగలకుండా ఊడవమన్నాడు ఆయన. తగిలితే లేస్తుందంట.

పావుగంటకి ఫోన్ చేసినాడు.

"ఎంత వచ్చింది?"

"ముప్పై ఒకటి శాతం."

"పక్కనే ఉండు. మధ్యలో ఆగిపోతే మొత్తం పోతాది."

రెండేళ్ళ క్రితం గూడూరులో మేత డీలర్ దగ్గర పని చేసేటప్పుడు వైరస్ వచ్చి కంప్యూటర్లో అన్నిటికీ తాళాలు పడిపోయినాయి. ఆ నింద ఈయన మీద వేసి పనిలో నుంచి తీసేసినారు. అప్పటికి మా పెళ్ళి కాలేదు. ఇప్పుడు హేచరీ వివరాలన్నీ ఇంట్లో ఈ కంప్యూటర్లోనే పెట్టుకుంటాడు. అంత విలువైనదాన్ని నాకు అప్పజెప్పి పోతున్నాడంటే నా మీద ఎంత నమ్మకం ఉండాలి. ఏడో తరగతి చదివినదాన్ని.

జూలై 4

పదకొండింటికి లేచింది. వంద అయ్యేసరికి పన్నెండూ పది. మళ్ళీ పడుకుంది.

జూలై 8, మంగళవారం

అంగన్‌వాడీ టీచరు సాయిలక్ష్మి అక్క వచ్చింది. చిల్లకూరు వైపు రైతుల ఇంటి పిల్ల. మా ఊరి సెంటర్లో పని చేస్తుంది. గడప బయటే నిలబడి మాట్లాడింది.

"ఏమ్మా భవానీ, ఆయా పోస్టు పడింది తెలుసా? ఈ ఊరి కోడలై ఉండాలంట, ఏడో తరగతి చదివుండాలంట. నీకు రెండూ ఉండాయి గదా."

"నాకేం చేతనవుతుందక్కా."

"పిల్లోళ్ళకి అన్నం వండి పెట్టడం, ముక్కులు తుడవడం. ఐఏఎస్సా ఏమన్నా? గురువారం పదింటికి సర్టిఫికెట్ తీసుకొని సెంటర్ కాడికి రా. కాగితం రాసి పంపిద్దాం."

ఆమె పోయినాక చాలాసేపు నవ్వు ఆపుకోలేకపోయినా. ఎందుకో తెలీదు. పెళ్ళయి పద్నాలుగు నెలలు. నన్ను ఒక పనికి పనికొస్తానని అడిగిన మనిషి లేదు.

భోజనం పెట్టేటప్పుడు ఆయనకి చెప్పినా. "మంచిదేగా, పోయిరా" అన్నాడు. ఊరికే భయపడ్డా.

జూలై 10, గురువారం

పోలేదు. పొద్దున టీ తాగుతూ ఆయన, "ఈ రోజు స్కాన్ పదింటికి మార్చినా. కొత్త వైరస్ ఏదో తిరుగుతోందంట" అన్నాడు. పదింటికి లేచింది. పదీ పదికి ఫోన్. పదకొండుకి ఇంకో ఫోన్.

ఆయన మాత్రం ఏం చేస్తాడు. వైరస్ మనల్ని అడిగి వస్తుందా.

జూలై 13, ఆదివారం

ఆయన ఇంట్లోనే ఉన్నాడు. ఆదివారం స్కాన్ ఉండదు.

మా అత్త ఆదిశేషమ్మ తెల్లారుజామునే చేపల ఆటోలో గూడూరు మార్కెట్‌కి పోతుంది. మధ్యాహ్నం దాటినాక వస్తుంది. మా వాళ్ళలో మగవాళ్ళు సముద్రం మీదికి పోతే ఆడవాళ్ళు తట్ట ఎత్తుకొని ఊళ్ళు తిరుగుతారు. మా అమ్మ పేరమ్మ కూడా అంతే. నేను కూడా తట్టకే పుట్టినా అనుకున్నా. ఈ ఇంట్లో కోడలికి అట్ల లేదు. ఆయన ఆఫీసు పని మనిషి. "నా పెళ్ళాం ఎండలో తిరగదు" అని పెళ్ళిచూపుల్లోనే చెప్పినాడు. మా అమ్మ సంతోషంతో ఏడ్చింది.

ఈ రోజు అత్త తట్ట కడుగుతూ కంప్యూటర్‌కేసి చూసి అంది.

"పొద్దంతా పడుకోను, ఒక గంట లేచి ఒళ్ళు తడుముకోను, మళ్ళీ పడుకోను. అచ్చం మీ మామే. పోయి ఆరేళ్ళయింది అనుకున్నా, ఈడ కూర్చోనుండాడు."

ఆయనకి నవ్వు రాలేదు. నాకు వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా.

జూలై 17

సాయిలక్ష్మి అక్కే కాగితం తీసుకొని వచ్చింది. పదకొండున్నర అప్పుడు. నేను లేవకూడదు కాబట్టి లోపలికే రమ్మన్నా. కంప్యూటర్ పక్కన కూర్చొని రాసుకుంది.

"ఫోన్ నంబర్ చెప్పు."

నా నంబర్ నాకు నోటికి రాలేదు. ఎప్పుడూ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. ఆయన నంబర్ చెప్పినా.

"దీన్ని చూస్తా కూర్చుంటావా రోజూ?"

"ఆగిపోతే చెప్పాలక్కా."

అక్క నా ముఖం చూసింది. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది.

జూలై 22, మంగళవారం

వనజాక్షికి సీమంతం. మా చిన్నాన్న కూతురు, నాతోపాటు పెరిగింది. తొమ్మిదిన్నర బస్సుకి పోతే మధ్యాహ్నం గాజులు వేయించే వేళకి అందుకునేదాన్ని. చీర కూడా తీసి పెట్టుకున్నా. పొద్దున చెప్పినాడు, ఈ రోజు తొమ్మిదింటికి స్కాన్ అని.

పోవద్దని ఆయన అనలేదు. "అయిపోయినాక పోరాదా" అన్నాడు. అయిపోయేసరికి పదిన్నర. తర్వాత బస్సు మూడింటికి.

చీర మళ్ళీ మడత పెట్టినా.

జూలై 24

పాలు పొంగుతుంటే ఎనభై శాతం అనుకున్నా.

జూలై 29

పెద్ద తప్పు చేసినా.

రెండు రోజులుగా సముద్రం గాలి ఎక్కువగా ఉంది. కిటికీ ఊచలు చేత్తో తుడిస్తే ఉప్పు. ఇక్కడ ఇనుము ఏది పెట్టినా ఏడాదికి పొడి రాలిపోతుంది. మా అమ్మ కుట్టుమిషను అట్లనే పోయింది. కంప్యూటర్ కూడా పోతుందేమోనని నా పాత చీర రెండు మడతలు వేసి పెట్టె చుట్టూ గట్టిగా కప్పినా. తెర మాత్రం కనపడేట్టు వదిలినా.

పదకొండింటికి లేచింది. ఫ్యాను ఎప్పటిలా కాకుండా గోల చేసింది. ఏదో కాలిన వాసన. నలభై నాలుగు శాతం కాడ తెర నల్లబడిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆయన వచ్చి చీర తీసి చూసినాడు. అరవలేదు. "నిన్ను ఈడ కూర్చోబెట్టింది ఎందుకు?" అన్నాడు మెల్లిగా. అన్నం తినలేదు. అరిచినా బాగుండు.

ఆగస్టు 1, శుక్రవారం

గూడూరు నుంచి కంప్యూటర్ బాగుచేసే కిషోర్ వచ్చినాడు. మధ్యాహ్నం రెండింటికి. ఆయన హేచరీలో ఉన్నాడు, అత్త మార్కెట్ నుంచి వచ్చి ఉంది. కిషోర్ పెట్టె విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపి, ఏదో ముక్క మార్చినాడు. లోపల అంతా బాగానే ఉందన్నాడు.

"మధ్యలో ఆగిపోయింది గదన్నా. అన్నీ పోయినాయా?" అన్నా.

"ఏం పోతాయక్కా? స్కాన్ ఆగితే మళ్ళీ మొదలు పెట్టుకుంటాది. అంతే."

"నేను పక్కనే ఉన్నా. కానీ ఏం చేయాలో తెలీలేదు."

"మీరెందుకు పక్కన?"

అత్త బయట నుంచే అందుకుంది. "మా వాడు కాపలా పెట్టినాడులే. రోజూ కూర్చుంటాది. ఎంత వచ్చిందో ఫోన్లో చెప్తాది."

కిషోర్ నవ్వినాడు. మా ముఖాలు చూసి నవ్వు ఆపేసినాడు. తెర మీద ఒక చోట చూపించినాడు. "ఇదో, ఈ టిక్కు చూడండి. నిద్రలో ఉన్నా సరే ఈ టైముకి లేపమని. అది లేస్తాది, చూసుకుంటాది, పడుకుంటాది. కరెంటు పోయి ఆ టైము తప్పిపోతే, వచ్చినాక చూసుకుంటాది. దానికీ టిక్కు ఉంది. మనిషితో పని లేదు. అందుకే గదా ఇది కనిపెట్టింది."

"టైము ఎవరు మారుస్తారు?" అని నేనడిగినా.

"ఎవరన్నా మార్చుకోవచ్చు. దానంతట అది మారదు." కింద ఇంకేదో తెరిచినాడు. "చాలాసార్లు మార్చుండారే. జూలై పది, ఉదయం పది గంటలు. జూలై ఇరవై రెండు, తొమ్మిది. మళ్ళీ పదకొండుకి పెట్టేసినారు."

అత్త తట్ట కింద పెట్టి లోపలికి వచ్చింది. కిషోర్‌కి మజ్జిగ ఇచ్చింది.

అతను పోయినాక ఈ పుస్తకం తీసి వెనక్కి తిప్పినా. జూలై పది. జూలై ఇరవై రెండు. నా రాతే.

ఆగస్టు 2

అనుకోకుండా అట్ల కలిసి ఉంటుంది. నెలలో ముప్పై రోజులున్నప్పుడు రెండు రోజులు అట్ల కలవడంలో వింత ఏముంది.

ఆగస్టు 3, ఆదివారం

ఆయన మంచివాడు. చేపలో ముల్లు తీసి నా పళ్ళెంలో వేసినాడు ఈ రోజు. అత్త చూస్తుండగానే.

ఆగస్టు 5, మంగళవారం

అబద్ధం చెప్పినా. పెళ్ళయినాక ఇదే మొదటిది.

భోజనం దగ్గర, "గురువారం పక్కింటి వాళ్ళు తొమ్మిదింటికి గంగమ్మ గుడికి పోతుండారు, నేనూ పోయొస్తా" అన్నా. పక్కింటి వాళ్ళు ఎక్కడికీ పోవడం లేదు. గురువారం ఏమీ లేదు.

"పోయిరా" అన్నాడు.

ఆయన ఏం చేస్తాడో చూడాలని ఉంది. ఏమీ చేయకుంటే బాగుండని ఉంది. బుధవారం మొత్తం గంగమ్మకి అదే మొక్కుకుంటా.

ఆగస్టు 7, గురువారం

తొమ్మిదింటికి లేచింది.

తెరకేసి చూడకుండా నూతి దగ్గర కూర్చున్నా. ఫోన్ వచ్చింది. "ఎంత వచ్చింది?" "ముప్పై ఒకటి" అన్నా. "సరే" అన్నాడు.

లోపలికి పోయి చూస్తే పద్నాలుగు.

ఆయనకి ఆ సంఖ్యతో పని లేదు. నేను ఇల్లు కదలకుండా ఉన్నానా లేదా, అంతే.

ఆగస్టు 8

నేనెందుకు కోపం తెచ్చుకోవడం లేదు?

ఆగస్టు 13, బుధవారం

సాయిలక్ష్మి అక్క గోడ మీద నుంచి పిలిచింది. "ఇంటర్వ్యూకి అన్నీ సర్దుకున్నావా?"

"ఏ ఇంటర్వ్యూ?"

"అదేంది. పందొమ్మిది, మంగళవారం, పదిన్నర, గూడూరు ఆఫీసు. అందరి ఫోన్లకీ మెసేజీ వచ్చి మూడు రోజులయింది. మీ ఆయన చెప్పలేదా?"

"చెప్పినాడు. నేనే మర్చిపోయినా" అన్నా.

ఎందుకు అట్ల అన్నానో తెలీదు. ఆయన పరువు కాపాడినానా, నాదా.

"ఆ రోజు మనిషి రాకపోతే పేరు కొట్టేస్తారు. మళ్ళీ ఎన్నేళ్ళకి పడతాదో పోస్టు" అని చెప్పి పోయింది.

ఆగస్టు 14

ఆయన ఏమీ చెప్పలేదు.

ఆగస్టు 15

చెప్పలేదు. ఉదయం జెండా దగ్గర ఇచ్చిన చాక్లెట్ తెచ్చి ఇచ్చినాడు.

ఆగస్టు 17, ఆదివారం

మధ్యాహ్నం ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. నేను వెనక నుంచి మంచినీళ్ళు ఇస్తూ చూసినా. కిషోర్ చూపించిన చోటే తెరిచి ఉంది. ఆయన వీపు మీద చొక్కా చెమటకి అంటుకొని ఉంది. ఆయనకి కూడా కష్టంగానే ఉందేమో. ఒక మాట అంటే పోయేదానికి ఇంత పని.

ఆగస్టు 18, సోమవారం

"రేపు పదిన్నరకి స్కాన్" అని చెప్పి పోయినాడు. చెప్పులు వేసుకుంటూ, నా వైపు చూడకుండా.

మధ్యాహ్నం అత్తకి చెప్పినా. మెసేజీ సంగతి, గుడి సంగతి, అన్నీ. చెప్పేటప్పుడు ఏడుపు వస్తుందనుకున్నా, రాలేదు. అత్త తట్టలో మిగిలిన రెండు చేపలు శుభ్రం చేస్తూ విన్నది. కత్తిపీట మీద నుంచి కళ్ళు ఎత్తలేదు.

"నా కోడలు నీడపట్టున ఉంటాది, తట్ట ముట్టదు అని మార్కెట్లో ముప్పై మందికి చెప్పుకున్నా" అంది. "చెప్పుకోవడానికి బాగుండె."

చేప తోక కోసింది.

"వాడికి పదేళ్ళప్పుడు బడి కాడ ఎవరో అన్నారంట, మీ అమ్మ దగ్గర చేపల వాసన అని. ఆ రోజు నుంచి నాతో బస్సెక్కడు. చదువుకున్నాడు గదా, పెద్ద మాటలు తెలుసు, ఈ వద్దనే మాట మాత్రం రాదు వాడికి."

నేను నీళ్ళ చెంబు ఆమె పక్కన పెట్టినా.

"గూడూరు బస్సు ఎనిమిదీ నలభైకి. మార్కెట్ కాడ దిగు. ఆఫీసు నీకు తెలీదు."

ఆగస్టు 19, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాయాలి.

ఎనిమిదింటికి ఆయన పోయినాడు. కరెంటు స్విచ్చి ఒకసారి చూసినా, వేసే ఉంది. కంప్యూటర్ పడుకొని ఉంది. తలుపు దగ్గరికి మూడుసార్లు పోయి మూడుసార్లు తిరిగి వచ్చినా. బల్ల తగలకుండా నడిచినా, అప్పుడు కూడా.

బస్సులో చిల్లకూరు దాటిందాకా తల ఎత్తలేదు. ఎవరన్నా చూసి ఆయనకి చెప్తారని. హైవే మీదికి వచ్చినాక ఎత్తినా. మార్కెట్‌లో అత్త తన తట్ట పక్కామెకి అప్పజెప్పి, చేతులు కడుక్కొని, నాతో నడిచింది. ఆఫీసు అరుగు మీద కూర్చుంది. పక్కనున్నామె ముక్కు మూసుకొని జరిగి కూర్చుంటే, "నీక్కూడా రేపు కావాలంటే తెచ్చిస్తా, మంచి వంజరం చేపలు" అంది.

లోపల ఇద్దరు మేడమ్‌లు. నా పేరు అడిగితే గంగాభవాని అని పూర్తిగా చెప్పినా. ఒక పేజీ చదవమన్నారు. చదివినా. ఏడ్చే బిడ్డని ఏం చేస్తావంటే, "ముందు ఎందుకేడుస్తుందో చూస్తానండీ" అన్నా. పెద్ద మేడమ్ ఏదో రాసుకుంది.

అప్పుడు ఫోన్ మోగింది. పదీ నలభై. నేను కొంగులో పెట్టి నొక్కుకున్నా. ఆగి మళ్ళీ మోగింది.

"ఎత్తమ్మా, ఇంట్లో ఏమన్నా అవసరమేమో" అంది మేడమ్.

ఎత్తినా.

"ఎంత వచ్చింది?"

ముప్పై ఒకటి అని నోటి దాకా వచ్చింది. అంటే చాలు. సరే అనేవాడు. మధ్యాహ్నానికి ఇంట్లో ఉండేదాన్ని.

"చూడలేదు" అన్నా.

"చూడలేదంటే? పక్కన లేవా?"

"లేను. గూడూరులో ఉండా. ఇంటర్వ్యూకి వచ్చినా."

ఆయన వెనక హేచరీ మోటార్లు మోగుతున్నాయి.

"మరి కంప్యూటర్?"

"దాని పాటికి అది చూసుకుంటాది. దానికి టిక్కు పెట్టుండాది."

ఫోన్ పెట్టేసినాడు. మేడమ్‌లు ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"ఇంట్లో ఒప్పుకున్నారా అమ్మా?"

"ఇప్పుడే చెప్పినా మేడమ్."

చిన్న మేడమ్ తల దించుకొని నవ్వింది. పెద్దామె నవ్వలేదు. పొమ్మని చెయ్యి ఊపింది.

సాయంత్రం ఆరింటికి ఆయన వచ్చినాడు. కాళ్ళు కడుక్కోకుండా లోపలికి వచ్చినాడు.

"ఎవరినడిగి పోయినావు?"

"ఎవరినీ అడగలేదు."

"నేను పోవద్దన్నానా? ఒక్కసారన్నా అన్నానా?"

"అనలేదు మావా. ఇప్పుడు అను."

నా నోటి నుంచి ఆ మాట ఎట్ల వచ్చిందో నాకు తెలీదు. ఆయన గోడకేసి చూసినాడు. బయట నుంచి అత్త అంది. "అనరా. నేనూ వింటా."

అనలేదు. చొక్కా విప్పి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర వెలుగులో ముఖం చిన్నపిల్లోడి ముఖంలా ఉంది. మేత డీలర్ పనిలో నుంచి తీసేసిన రోజు ఇట్లనే ఉండుంటాడు. నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకు కోపం వచ్చింది. కోపం వస్తుందన్నమాట నాకు కూడా.

ఆగస్టు 20

మాట్లాడలేదు.

ఆగస్టు 21

ఈ రోజు పదకొండింటికి కంప్యూటర్ లేవలేదు. ఆయన తీసేసినట్టున్నాడు. నేను మాత్రం అలవాటుగా పోయి పక్కన కూర్చున్నా. పన్నెండింటి దాకా. నల్ల తెరలో నా ముఖమే కనపడింది. పన్నెండు కొట్టినాక గానీ ఎందుకు కూర్చున్నానని తట్టలేదు.

ఆగస్టు 24, ఆదివారం

పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. అయిదు రోజుల తర్వాత మొదటి మాట.

ఆగస్టు 28, గురువారం

ఆయన ఫోన్‌కే మెసేజీ వచ్చింది. ఈసారి దాచలేదు. చేపల కూర వేస్తుంటే పళ్ళెం పక్కన ఫోన్ పెట్టి చదివినాడు. పేరు గంగాభవాని, భర్త పేరు మధుబాబు, ఒకటో తారీకు సోమవారం నుంచి సెంటర్లో చేరాలి, ఉదయం తొమ్మిది. తన పేరు వచ్చిన చోట గొంతు కొంచెం ఆగింది.

అత్త, "తొమ్మిదంటే ఎనిమిదిన్నరకే పోవాల బిడ్డా, పొయ్యి వెలిగించాల" అంది. అని తట్ట తీసుకొని పెరట్లోకి పోయింది. కావాలనే పోయింది.

ఆయన అన్నం మొత్తం తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"నీ ఫోన్ ఇటివ్వు."

"ఎందుకు?"

"సోమవారం నుంచి నలుగురిలో తిరుగుతావు. ఎవరెవరి నుంచో ఏమేమో వస్తాయి. దాంట్లో కూడా వైరస్ చూసేది ఒకటి వేసి ఇస్తా. నువ్వేం చేయబల్లేదు. దానంతట అదే చూసుకుంటాది. నువ్వు యాడున్నా నాకు ఇక్కడ తెలుస్తాది."

మెల్లిగానే చెప్పినాడు. ప్రేమగా కూడా. చెయ్యి చాపి ఉంచినాడు, అరచెయ్యి పైకి పెట్టి, బిడ్డని ఇమ్మన్నట్టు.

ఫోన్ నా ఒడిలోనే ఉంది. ఇవ్వడం ఎంత సులువో. ఆయన ముఖం అప్పుడే తేటపడుతుంది, రేపు ముల్లు తీసి వేస్తాడు, సోమవారం నవ్వుతూ పంపిస్తాడు.

"వేయి" అన్నా. "కానీ ఎట్ల వేయాలో నాకు చెప్పు. నేనే వేసుకుంటా."

"నీకు రాదులే."

"చెప్తే వస్తాది."

ఫోన్ ఆయన చేతిలో పెట్టలేదు. ఇద్దరి మధ్యా చాప మీద పెట్టి, పైన నా చెయ్యి పెట్టుకొని కూర్చున్నా. ఆయన చాపిన చెయ్యి అట్లనే ఉంది. పళ్ళాలు ఎండిపోతున్నా ఎవరమూ లేవలేదు.